అక్టోబరు రాత్రుల్లో వాల్‌ఐ: బోటు లేకపోయినా ఒడ్డు నుంచే పట్టొచ్చు

మీరు అడిగింది ఇదీ: భీమవరం పక్కన పెరిగారు, గాలం చిన్నప్పటి నుంచి అలవాటే. మినియాపొలిస్ వచ్చాక వేసవి తెల్లవారుజాముల్లో ఇక్కడి చెరువుల్లో దొరికే వాల్‌ఐ అనే చేపలు ఒకటీ అరా పడేవి. సెప్టెంబరు సగం దాటిన దగ్గర్నుంచి ఎక్కడ వేసినా ఖాళీ. ఆఫీసులో ఒకాయన "అక్టోబరులో రాత్రిపూట వెళ్లు" అన్నారు. బోటు లేదు. ఒడ్డు నుంచి పడతాయా, ఏ ఎర వాడాలి, ఆ చలిలో చీకట్లో ప్రమాదం కాదా?

సూటిగా చెప్తాను. పడతాయి. బోటు లేనివాళ్లకి పెద్ద వాల్‌ఐ చేతికందే కాలం ఏడాది మొత్తంలో ఇదే. గాలి రెండు రోజులుగా కొడుతున్న రాళ్ల ఒడ్డు చూసుకోండి, పొద్దుగూకే వేళకి అక్కడ ఉండండి, అయిదారంగుళాల సన్నటి చేపబొమ్మ ఎర వేసి, మీకే విసుగు పుట్టేంత నెమ్మదిగా లాగండి. ఒంటరిగా వెళ్లకండి, లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో దిగకండి. మిగతాదంతా దీనికి వివరణే.

ముందు సెప్టెంబరులో మీకెందుకు పడలేదో చూద్దాం. వేసవిలో లోతైన చెరువుల్లో పైన వెచ్చటి నీరు, అడుగున చల్లటి నీరు పొరలుగా విడిపోయి ఉంటాయి. ఎండ తగ్గి పైనీరు చల్లబడుతూ వచ్చి, ఒక దశలో పైనా కిందా వేడి దాదాపు సమానమవుతుంది. అప్పుడొక గట్టి గాలి వీస్తే చెరువు మొత్తం కలిసిపోతుంది. దీన్నే ఇక్కడ టర్నోవర్ అంటారు. ఆ వారం, పది రోజులు చేపలు చెల్లాచెదురుగా ఉంటాయి, నీళ్లలో అడుగున కుళ్లిన ఆకుల ముక్కలు తేలుతుంటాయి, ఒక్కోసారి వాసన కూడా వస్తుంది. ఆ రోజుల్లో ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. ఇది చెరువును బట్టి మారుతుంది. మిల్ ల్యాక్స్ లాంటి పెద్ద, లోతు తక్కువ చెరువుని వేసవంతా గాలే కలుపుతూ ఉంటుంది కాబట్టి అక్కడ టర్నోవర్ ప్రభావం పెద్దగా ఉండదు. నగరం చుట్టుపక్కల చిన్న, లోతైన చెరువుల్లో బాగా తెలుస్తుంది.

కలయిక పూర్తయ్యాక లెక్క మారిపోతుంది. నీరంతా ఒకే వేడి, అంతటా ఆక్సిజన్. వాల్‌ఐ లోతులోనే ఉండాల్సిన అవసరం ఇంక లేదు. ఎక్కడ తిండి ఉంటే అక్కడికి వస్తుంది. ఆ తిండి రాత్రిళ్లు ఒడ్డు దగ్గరే ఉంటుంది. వసంతంలో పుట్టిన పెర్చ్ అనే చేపల పిల్లలు ఈపాటికి రెండు మూడంగుళాలు ఎదిగి ఉంటాయి. పెర్చ్‌కి చీకట్లో కళ్లు సరిగా కనపడవు, అందుకని రాత్రి అడుగుకు దిగి కదలకుండా ఉండిపోతుంది. వాల్‌ఐకి ఇది సరిగ్గా తిరగేసి ఉంటుంది. దాని కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంది. పిల్లి కంటిలో ఉండేది అలాంటిదే. కొద్దిపాటి వెన్నెల చాలు దానికి. షైనర్లు అనే చిన్న చేపలు కూడా గట్టు పక్కకే చేరతాయి. పొలాల్లోంచి, గడ్డిలోంచి కప్పలు చలికాలం గడపడానికి నీళ్లలోకి దిగేది కూడా ఈ రోజుల్లోనే. నవంబరులో టలిబీ అనే వెండి రంగు చేపలు గుడ్లు పెట్టడానికి రాళ్ల మీదకొస్తాయి, వాటి వెనకాల పెద్ద వాల్‌ఐలు వస్తాయి.

నీళ్ల వేడి 50 నుంచి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యకి దిగే రోజులే అసలైన రోజులు. ఇక్కడ మినెసోటా రాష్ట్రంలో మామూలుగా అక్టోబరు సగం నుంచి నవంబరు సగం వరకు. పది డాలర్ల థర్మామీటర్‌ని దారానికి కట్టి నీళ్లలో వేసి చూసుకోండి. తారీఖు కంటే అది నమ్మదగ్గది.

చోటు ఎంచుకోవడమే సగం పని, అది పగలే చేయాలి. చీకట్లో కొత్త చోటుకి వెళ్లి వెతుక్కోవడం పనికిరాదు, ప్రమాదం కూడా. శనివారం మధ్యాహ్నం వెళ్లి ఒడ్డు వెంట నడవండి. నేను చూసేవి ఇవి: నేల ముక్కులా నీళ్లలోకి పొడుచుకొచ్చిన చోట్లు, తలకాయంత రాళ్లు పరుచుకున్న ఒడ్డు, ఒక చెరువు నుంచి ఇంకో చెరువులోకి నీళ్లు పారే ఇరుకులు, వంతెనల కింద తూములు. రాళ్ల పక్కన ఇంకా పచ్చగా ఉన్న నాచు ఉంటే మరీ మంచిది. ఎండిపోయి గోధుమ రంగు తిరిగిన నాచుని వదిలేయండి. అడుగంతా మెత్తటి బురద ఉన్న చోట గంటలు గంటలు నిలబడినా లాభం లేదు.

లోతు గురించి కొత్తవాళ్లు నమ్మరు. రెండడుగుల నుంచి ఎనిమిది అడుగుల లోపలే. చాలాసార్లు చేప మీకూ, మీరు దూరంగా విసిరిన ఎరకీ మధ్యలో ఉంటుంది. అందుకే ఒడ్డుకి చేరగానే గభాలున నీళ్లలో దిగి నడుము లోతుకి పోవద్దు. మొదటి పది పన్నెండు విసుర్లు పొడినేల మీద నిలబడి, ఒడ్డుకి ఏటవాలుగా వేయండి.

ఇక గాలి. వరసగా ఒకటి రెండు రోజులు ఒకే వైపు నుంచి గాలి వీస్తే, అది తోసుకొచ్చే ఒడ్డుకి సన్నటి పురుగూ పుట్రా, వాటి వెంట చిన్న చేపలు, వాటి వెంట వాల్‌ఐ చేరతాయి. అలలు రాళ్లకి కొట్టుకుని నీళ్లు కాస్త మసకబారతాయి, దాంతో చేపకి ధైర్యం వస్తుంది. శరదృతువులో ఇక్కడ వాయవ్యం గాలి ఎక్కువ, కాబట్టి చాలా రోజులు తూర్పు, దక్షిణ ఒడ్లు బాగుంటాయి. మిల్ ల్యాక్స్‌లో పడమటి ఒడ్డున, 169 హైవే పక్కన గ్యారిసన్ అనే ఊరుంది, పెద్ద వాల్‌ఐ బొమ్మ రోడ్డు పక్కనే కనపడుతుంది. ఆ ఒడ్డు బాగుండాలంటే తూర్పు గాలి కావాలి. ఒక అక్టోబరు సాయంత్రం మేం నలుగురం ఒకే చెరువు మీద రెండు జట్లుగా విడిపోయాం. ఇద్దరు గాలి చాటున, అద్దంలా ఉన్న చిన్న మలుపులో నిలబడ్డారు. చలి తక్కువ, విసరడం తేలిక. మేమిద్దరం ఎదురుగాలికి, ముఖాన తుంపర కొడుతున్న చోట. వాళ్లకి తొమ్మిదింటిదాకా ఒక్క కుదుపు లేదు. మాకు రాళ్ల కొన నుంచి ఆగి ఆగి పడుతూనే ఉన్నాయి. తర్వాత వాళ్లు నడిచి మా పక్కకొచ్చి నిలబడ్డారు, వాళ్లకీ పడ్డాయి. అదే ఎర, అవే చేతులు. మారింది చోటే.

ఎర సంగతి. నేను రాత్రి ఒడ్డు నుంచి తొంభై శాతం వాడేది సన్నటి, పొడుగాటి, తక్కువ లోతులో ఈదే చేపబొమ్మ. వీటిని ఇక్కడ స్టిక్‌బైట్ అంటారు. రాపాలా హస్కీ జెర్క్ 12 లేదా 14 సైజు దగ్గర మొదలుపెట్టండి. దాన్ని లాగడం ఆపితే తేలదు, మునగదు, ఉన్నచోటే నిలబడుతుంది. ఆ నిలబడడమే మీకు చేపని తెచ్చేది. పాత రకం ఒరిజినల్ ఫ్లోటింగ్ 11, 13 సైజులు కూడా రెండడుగుల నీళ్లలో రాళ్ల మీదుగా తేవడానికి బాగుంటాయి, ఆపితే తేలిపోతాయి కాబట్టి తక్కువ ఇరుక్కుంటాయి. ఏడడుగుల మీడియం రాడ్, స్పిన్నింగ్ రీల్, పది పౌండ్ల దారం చాలు. చివర ఎరని తగిలించే స్నాప్ అనే చిన్న క్లిప్పు కట్టండి, స్వివెల్ అనే బరువైన తిరిగే లంకె పెడితే బొమ్మ ముక్కు కిందకి వాలి నడక చెడిపోతుంది.

రంగు గురించి నన్ను చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో అది చివరి విషయం. నీళ్లు తేటగా, వెన్నెల ఉంటే వెండి-నీలం. మసగ్గా ఉంటే పసుపూ నారింజా కలిసినది. రెండు రంగులు కొనుక్కోండి, మిగతా డబ్బు మంచి సాక్సుల మీద పెట్టండి.

లాగే తీరు మీద మాత్రం శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే ఇక్కడే చాలామంది చేపని పోగొట్టుకుంటారు. బొమ్మ నీళ్లలో పడ్డాక రెండు మూడు చుట్లు కాస్త వేగంగా తిప్పి దాన్ని లోపలికి దించండి. తర్వాత రీల్ హ్యాండిల్ ఒక చుట్టుకి సెకను, సెకనున్నర పట్టేలా తిప్పండి. రాడ్ కొనలో బొమ్మ ఊగిసలాట సన్నగా, నాడి కొట్టుకున్నట్టు చేతికి తెలుస్తూ ఉండాలి. అది తెలియకపోతే మరీ నెమ్మదించారు, లేదా ముల్లుకి ఆకు తగులుకుంది. అయిదారు చుట్లకొకసారి ఆపండి. మనసులో మూడు లెక్కపెట్టండి. నీళ్లు 45 డిగ్రీల కిందకి వస్తే అయిదారు దాకా లెక్కపెట్టండి. మళ్లీ మొదలుపెట్టిన మొదటి అరచుట్టులోనే ఎక్కువ చేపలు తగులుతాయి.

మీకు భీమవరం అలవాటు కాబట్టి ఒక మాట. తుంగలో కప్పని ఎరగా కట్టి కొరమీను కోసం వేసినప్పుడు నీళ్లు చిమ్మి, చప్పుడు చేసి అందుకుంటుంది, గుండె ఝల్లుమంటుంది. చల్లటి నీళ్లలో వాల్‌ఐ అలా కొట్టదు. ఆగి తిప్పబోతే రాడ్ బరువెక్కుతుంది, అంతే. తడిగుడ్డ తగులుకున్నట్టు ఉంటుంది. అప్పుడు గట్టిగా పైకి గుంజకండి. రీల్ తిప్పుతూనే రాడ్‌ని పక్కకి నిండుగా జరపండి. తల విదిలింపులు మొదలైతే చేపే. గుంజిన చేప చాలాసార్లు బొమ్మని వదిలేస్తుంది, మూడు మూడు కొక్కేలు గాల్లో మీ ముఖం వైపు వస్తాయి. అందుకే రాత్రి కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఇంకొకటి: ఎర ఎప్పుడూ చేప కన్నా పైన ఉండాలి. చీకట్లో వాల్‌ఐ కిందనుంచి పైకి చూసి, ఆకాశం మసక వెలుగు మీద నల్లటి ఆకారంగా కనపడిన దాన్ని పడుతుంది. ఎర అడుగున రాళ్లలో పాకితే రాళ్లకే చిక్కుతుంది.

బొమ్మ ఎర విసరడానికి ఓపిక లేకపోతే, పిల్లల్ని తీసుకెళ్తే, వెలిగే బెండు మంచిది. లోపల చిన్న బ్యాటరీ దీపం ఉండే బెండు, కింద గాలానికి నాలుగంగుళాల బతికున్న షైనరో, చబ్ అనే ఇంకో చిన్న చేపో, రాళ్లకి అడుగెత్తున వేలాడేలా. వేసవిలో ఎరగా వాడే జలగలు చల్లటి నీళ్లలో ముడుచుకుని ఉండలా అయిపోతాయి, వానపాములు కూడా అంత పని చేయవు. నా కూతురికి మొదటి వాల్‌ఐ ఇలాగే పడింది: ఎర్రటి చుక్క నీళ్ల మీద పక్కకి జరిగి, నీళ్ల లోపలే వెలుగుతూ కిందకి పోయింది. అలా పోయాక కూడా రెండు మూడు సెకన్లు ఆగి, దారం బిగిశాక లాగాలి.

సమయం. సూర్యాస్తమయం నుంచి మొదటి గంటన్నర అన్నిటికన్నా నమ్మకమైనది. తర్వాత ఒక మందకొడి వేళ ఉంటుంది, అప్పుడే చాలామంది ఇంటికి పోతారు. మళ్లీ తొమ్మిది, పదకొండు మధ్య ఇంకో ఊపు వస్తుంది. ఉద్యోగస్తులకి ఒక వెసులుబాటు ఉంది: నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక సాయంత్రం అయిదింటి ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. పగటి ఆఫీసు అయిపోయాక వెళ్లి, ఎనిమిదికల్లా ఇంట్లో భోజనానికి కూర్చోవచ్చు. పున్నమి రోజుల్లో పెద్దవి పడతాయని ఇక్కడ అందరూ అంటారు. నేను పున్నమికి ముందు మూడు నాలుగు రోజుల్ని ఇష్టపడతాను, చీకటి పడేసరికే చంద్రుడు పైన ఉంటాడు కాబట్టి. కానీ మబ్బు పట్టి, గాలి సరైన వైపు కొడుతున్న అమావాస్య రాత్రినీ వదులుకోను. గాలికి మొదటి ఓటు, చంద్రుడికి రెండోది.

దీపం జాగ్రత్త. తలకి పెట్టుకునే లైటు తప్పనిసరి, కానీ దాన్ని నీళ్ల మీదకి తిప్పకండి. రెండడుగుల నీళ్లలో ఉన్న చేప మీద వెలుగు పడితే ఆ చోటు కాసేపు చచ్చినట్టే. ముడి వేయాలంటే ఒడ్డు వైపు తిరిగి, ఎర్ర లైటు వేసుకుని వేయండి. రాళ్ల మీద బూట్లు టకటకలాడించడం కూడా చేపలకి తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ముఖ్యమైన ప్రశ్న. అవును, ప్రమాదం ఉంది, అది తేలిగ్గా తీసుకునేది కాదు. 45 డిగ్రీల నీళ్లంటే సెల్సియస్‌లో ఏడు. అందులో పడ్డ మనిషికి మొదట జరిగేది వణుకు కాదు, ఊపిరి పట్టు తప్పడం. ఇక్కడ భద్రతా శిక్షణల్లో ఒకటి-పది-ఒకటి అని నేర్పుతారు: మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాల దాకానే చేతులూ కాళ్లూ చెప్పినట్టు వింటాయి, స్పృహ తప్పడానికి ఒక గంట. ఆ మొదటి నిమిషంలో తల నీళ్ల పైన ఉంచేది లైఫ్ జాకెట్టే. గోదావరి ఈదిన వాళ్లకైనా ఇదే మాట. ఈత వచ్చన్న ధైర్యం ఇక్కడ అక్కరకు రాదు.

కాబట్టి: ఇద్దరైనా వెళ్లండి. ఛాతీ దాకా వచ్చే వేడర్స్ అనే నీళ్లు చొరని ప్యాంటు వేసుకుంటే నడుముకి బెల్టు బిగించండి, పడినా నీళ్లు లోపలికి ఒక్కసారిగా నిండవు. దానిపైన లైఫ్ జాకెట్. మోకాలి పైకి వెళ్లకండి. అలలు మోకాలి ఎత్తుకి వస్తుంటే అసలు దిగకండి, ఒడ్డు మీంచే వేయండి. ఒక కర్రతో ముందున్న రాయిని తడిమి అప్పుడు అడుగు వేయండి. ఫోను నీళ్లు పోని సంచిలో, మెడకి. ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. కారులో పొడి బట్టల జత, ఫ్లాస్కులో వేడి టీ పెట్టుకోండి. నూలు జీన్సు తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తుంది, ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోండి. నవంబరులో రాడ్ రింగుల్లో మంచు గడ్డకడుతుంది. వేలితో విరవబోతే రింగే ఊడుతుంది. రాడ్ కొనని ఒకసారి నీళ్లలో ముంచితే కరిగిపోతుంది.

ఎవరైనా బోటులో పిలిస్తే వెళ్లండి, కానీ ఎర్ర-ఆకుపచ్చ ముందు దీపాలు, తెల్ల దీపం వెలుగుతున్నాయో లేదో ఎక్కేముందే చూడండి. సూర్యాస్తమయం నుంచి అవి చట్టప్రకారం ఉండి తీరాలి.

రూల్స్ విషయం క్లుప్తంగా. పదహారేళ్లు నిండితే లైసెన్సు కావాలి. మినెసోటాలో మంచు లేని నీళ్ల మీద మామూలుగా మనిషికి ఒక్క దారమే, రెండో రాడ్ వేసి పక్కన పెట్టకూడదు. ఎన్ని ఉంచుకోవచ్చు, ఏ సైజువి అన్నది చెరువుని బట్టి మారుతుంది, కాబట్టి ఇక్కడ అందరూ డీఎన్‌ఆర్ అనే సహజ వనరుల శాఖ వెబ్‌సైట్లో ఆ చెరువు పేరు కొట్టి వెళ్లే రోజే చూసుకోండి. ముఖ్యంగా మిల్ ల్యాక్స్. 1837 ఒప్పందం ప్రకారం అక్కడ ఒజిబ్వే అనే స్థానిక అమెరికన్ తెగలకి చేపల హక్కు ఉంది, 1999లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రాష్ట్రమూ తెగలూ కలిసి ఏటా వాల్‌ఐ కోటా నిర్ణయిస్తారు, దాన్ని బట్టి మన రూల్స్ మారుతుంటాయి. కొన్ని సీజన్లలో రాత్రి పది తర్వాత చేపలు పట్టడమే నిషేధించారు. పోయినేడు చదివిన రూలుతో ఈ ఏడు వెళ్లకండి. ఇంకా, మిగిలిన ఎర చేపల్ని చెరువులో వదలకూడదు, చెత్తబుట్టలోనే వేయాలి. చెరువు నీళ్లు బకెట్లో పట్టుకుపోకూడదు. జీబ్రా గుల్లలు 2005లో మిల్ ల్యాక్స్‌లో బయటపడ్డాయి. ఇలాంటివి ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకకుండా ఉండాలనే ఈ రూల్స్. ఆ గుల్లలు నీళ్లని వడగట్టి తేట చేసేస్తాయి. నీళ్లు తేటబడిన చెరువుల్లో వాల్‌ఐ పగలు ఇంకా తక్కువ తిని, రాత్రి పడేదాకా ఇంకా ఎక్కువ ఆగుతుంది.

చేప చేతికొచ్చాక: కింది పెదవి పట్టుకుని ఎత్తకండి, కోరపళ్లు ఉంటాయి. మొప్పల మూత అంచు కూడా బ్లేడులా కోస్తుంది. వీపు ముళ్లు పడుకోబెట్టి, తల వెనక పట్టుకోండి. ముక్కుపట్టకారుతో కొక్కెం తీయండి. ఇరవై అంగుళాలు దాటినవి ఎక్కువగా ఆడవి, చెరువుకి గుడ్లు పెట్టేవి అవే. రూల్ ఒప్పుకున్నా నేను వాటిని వదిలేస్తాను. రాత్రి ఒడ్డున పట్టిన చేపకి ఒక మేలు ఉంది: ముప్పై అడుగుల లోతు నుంచి పైకి లాగిన చేపకి ఈదే సంచి ఉబ్బిపోయి, వదిలినా చాలాసార్లు బతకదు. నాలుగడుగుల్లో పట్టింది, అందులోనూ చల్లటి నీళ్లలో, తోక విదిలించి వెళ్లిపోతుంది.

ఇంటికి తెచ్చుకోవడానికి పదిహేను, పద్దెనిమిది అంగుళాలవి మేలు, ఆ చెరువు రూల్ ఒప్పుకుంటేనే. రుచి వాటిదే, పాదరసం కూడా పెద్దవాటిలో ఎక్కువ చేరుతుంది. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే రాష్ట్ర ఆరోగ్యశాఖ ఏ చేప ఎన్నిసార్లు తినొచ్చో పెట్టిన పట్టిక చూడండి. సైజు రూల్ ఉన్న చెరువు నుంచి తెచ్చేటప్పుడు తలా తోకా తీయకుండా తేవాలి, దారిలో కొలవడానికి. మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా, రేకులు రేకులుగా విడిపోతుంది. పులుసులో పెడితే ముక్క నిలబడదు. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, పైన పల్చగా బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించండి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. చర్మం తీయకుండా వేస్తే తిప్పేటప్పుడు విరగదు.

మీరు ఏ చెరువుకి దగ్గరో, అక్కడ రాళ్ల ఒడ్డు ఏ దిక్కున ఉందో రాయండి. ఏ గాలికి వెళ్లాలో చెప్తాను.